చెరువుగట్టు మీద నడక



క్రిస్మసు, సంక్రాంతి సెలవులలో పిల్లలను ఎక్కడికి తీసుకొని వెళ్దామా అని చాలామంది తల్లిదండ్రులు ఆలోచిస్తుంటారు. ఖర్చు తక్కువగా, నేర్చుకొనేది ఎక్కువగా ఉండే చోటొకటి ఈ నెల మీకు పరిచయం చేస్తున్నాము. అది నేలపట్టు చెరువు.

చెన్నై నుండి నెల్లూరు వెళ్లే రహదారిలో దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరిగితే ఈ గ్రామం వస్తుంది. మునుపు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. 1976లో ప్రభుత్వం ఈ చెరువును, దాని చుట్టుపట్ల అడవిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది.

గట్టు మీద నిదానంగా నడిస్తే మొదట కనబడేవి నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్లు. ఆ చెట్ల నిండా గూళ్లే. అక్టోబరులో వానలు పడి చెరువు నిండితే గూడబాతులు వస్తాయి. గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, మార్చి దాకా ఉంటాయి. చుట్టూ నీరున్నందున పిల్లి, నక్క వంటివి గూటి దగ్గరకు చేరలేవు. తల్లి, తండ్రి రెండూ వంతులవారీగా గుడ్లు పొదుగుతాయి. పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోయి చేపలు తెస్తాయి. పిల్ల తన తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చి తినడం చూస్తే మన పిల్లలు ఆ చోటు వదిలి రారు.

నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు కూడా అక్కడ గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగ పొలాల్లోని నత్తలను ఏరుకొని తింటుంది. పక్షుల రెట్ట పడిన చెరువు నీరు పొలాలకు పారి ఎరువుగా పనిచేస్తుంది. ఈ సంగతి ఆ ఊరి రైతులకు బాగా తెలుసు. పక్షికి చెట్టు కావాలి, చెట్టుకు చెరువు కావాలి, రైతుకు ఆ చెరువు నీళ్లే కావాలి. ఒకటి చెడితే తక్కినవి నిలువవు.

నిలువవనడానికి సాక్ష్యం మన రాష్ట్రంలోనే ఉన్నది. కొల్లేరు ప్రాంతంలో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. వేలకొద్దీ పక్షులు అక్కడ పిల్లలను పెంచేవి. 1970లలో ఆ స్థావరం చెదిరిపోయింది. తరువాత కొల్లేటిలోని ఆటపాక దగ్గర గూడబాతులు మళ్లీ గూళ్లు కట్టసాగాయి. అయితే అక్కడ వాటి కోసం మనుషులు ఇనుప మంచెలు నిలబెట్టవలసి వచ్చింది. చెట్టు ఉచితంగా ఇచ్చేదానిని ఇనుము పెట్టి కొనుక్కోవలసిన స్థితి అది. నేలపట్టులో చెట్లు ఇంకా ఉన్నాయి. వాటి విలువ అవి ఉండగానే గ్రహించాలి.

వెళ్లేవారికి నాలుగు మాటలు. తెల్లవారుజామున గాని, సాయంత్రం గాని వెళ్లండి. ఎర్రని, మెరిసే బట్టలు వద్దు. పాటల పెట్టెలు, సెల్‌ఫోను మోతలు అసలే వద్దు. మనుషుల అలికిడికి పెద్ద పక్షి బెదిరి లేచిందంటే ఆ క్షణమే కాకి వచ్చి గుడ్లు ఎత్తుకుపోతుంది. కనుక పిల్లల చేత కేక పెట్టించి పక్షులను లేపి చూపించడం ఎంతమాత్రం తగదు. చూపు బాగా ఆనడానికి ఎత్తైన మంచె ఉన్నది, దాని మీద నుండి చూడండి. తెచ్చుకున్న అన్నం పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి మీతోనే తీసుకొని రండి.

అంత దూరం వెళ్లలేనివారు దిగులుపడనవసరం లేదు. మీ ఊరి చెరువుగట్టు మీదనే ఒక ఉదయం పిల్లల చెయ్యి పట్టుకొని నడవండి. ఏ చెట్టు మీద ఏ పక్షి ఉన్నదో లెక్కపెట్టించండి. ఆ చెట్లకు గొడ్డలి తగలకుండా, చెరువులో చెత్త పడకుండా చూడటానికి ఇరుగుపొరుగువారితో కలిసి పూనుకోండి. నడిచి చూసినవారికే కాపాడాలన్న మనసు పుడుతుంది.