మైసమ్మ భయం పిల్లలకేనా?

మొన్న ఆదివారం మా పాప ‘స్పిరిటెడ్ అవే’ సినిమా మళ్లీ పెట్టుకుంది. 2001లో హయావో మియజాకి తీసిన జపాన్ బొమ్మల సినిమా. అందులో దేవుళ్లు వచ్చి స్నానాలు చేసిపోయే ఒక పెద్ద స్నానశాల ఉంటుంది. ఒక రాత్రి ఒళ్లంతా బురద కారుతూ, కంపు కొడుతూ ఏదో ఆకారం వస్తుంది. అందరూ ముక్కులు మూసుకుంటారు. చిహిరో అనే చిన్నపిల్ల దాని ఒంట్లో ముల్లులా దిగబడినదేదో చూసి తాడు కడుతుంది. అందరూ కలిసి లాగితే ఒక సైకిల్, దాని వెనకే గుట్టలకొద్దీ చెత్త బయటికొస్తాయి. తీరా చూస్తే ఆయన ఒక నది దేవుడు!

“మమ్మీ, మన చెరువు మైసమ్మ కూడా ఇట్లనే అయిందా?” అనడిగింది పాప.

మేముండేది పటాన్‌చెరు పక్కన. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

మా అత్తమ్మ చిన్నప్పుడు పిల్లలకు ఒకటే మాట చెప్పేవాళ్లట. “కట్ట దిగి లోతుకు పోకు బిడ్డా, మైసమ్మ ఊకోదు.” తెలంగాణలో చాలా చెరువు కట్టల మీద కట్ట మైసమ్మ ఉంటుంది. కట్ట తెగొద్దని, చెరువు నిండాలని ఆమెకు మొక్కుతాం, బోనం ఎత్తుతాం.

జపాన్ వాళ్లకు ఇలాంటి పనికే ‘కప్ప’ అనే నీటి జీవి ఉంది. పేరు వినగానే మా పాప పడీపడీ నవ్వింది కానీ, అది మన కప్ప కాదు. చిన్నపిల్లాడంత ఉంటుంది, నడినెత్తిన గిన్నెలాంటి గుంటలో నీళ్లుంటాయి, ఒడ్డున ఆడే పిల్లల్ని లోపలికి లాగేస్తుందంటారు. మనం వంగి దండం పెడితే మర్యాదకు అదీ వంగుతుందట. నీళ్లు ఒలికిపోయి దాని బలం పోతుందట. అక్కడ చెరువుల దగ్గర ప్రమాద హెచ్చరిక బోర్డుల మీద ఇప్పటికీ దాని బొమ్మ వేస్తారు.

ఇలాంటి కథలు చెబితే పిల్లలు పిరికివాళ్లవుతారని మా అపార్ట్‌మెంట్‌లో కొందరు తల్లులంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోవట్లేదు. మైసమ్మ కథలో రెండు మాటలున్నాయి. ఒకటి, లోతుకు పోవద్దని. రెండు, ఈ నీళ్లకు ఒక తల్లి ఉంది, పాడు చేయొద్దని. మొదటిది పిల్లలకు చెప్పాం. రెండోది పెద్దలం మర్చిపోయాం. ఇప్పుడు మొదటి మాట అవసరమూ పోయింది, వాసనకే పిల్లలు అటు పోరు.

ఇది నేటి సంగతి కాదు. పటాన్‌చెరు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఉంది. నక్కవాగు నీళ్లు కలిసేది మంజీరలోనే. అలాగని ఫ్యాక్టరీలన్నీ మూసేయాలని నేననను. మా ఇంట్లో అన్నం ఉడికేదీ ఫ్యాక్టరీ జీతంతోనే.

కథలుంటే చాలు, నీళ్లు బాగుంటాయనీ అనను. అన్ని నీటి కథలున్న జపాన్‌లోనే మినమాట అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, ఆ చేపలు తిన్నవాళ్లు మంచాన పడ్డారు. 1956లో ఆ జబ్బు బయటపడింది. కథ మనసులో భయం పెడుతుంది, అంతే. ఆ భయం ఎవరికుండాలో వాళ్లకు లేకపోతే మిగతాది మనుషులే చూసుకోవాలి.

అందుకే ఈ ఆషాఢంలో కట్ట మీదికి బోనంతో వెళ్లేటప్పుడు పాపకు రెండు మాటలూ చెబుతాను. పసుపు కుంకుమలు తీసుకెళ్లిన ప్లాస్టిక్ కవర్లు మళ్లీ ఇంటికే తెచ్చుకుంటాం. అర్ధరాత్రి గాలిలో ఘాటు వాసన వస్తే కిటికీ మూసి పడుకోకుండా తారీఖు, టైము వంటింటి క్యాలెండర్ మీద రాస్తాను. నెలాఖరుకు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పంపుతాను. మీ ఇంట్లోనూ క్యాలెండర్ ఉంటుంది కదా, మీరూ రాయండి. ఒక్క ఇంటి నుంచి పోయిన కాగితానికీ, నలభై ఇళ్ల నుంచి పోయిన కాగితాలకూ తేడా ఉంటుంది. ఆ సినిమాలో సైకిల్‌ను బయటికి లాగింది కూడా చిహిరో ఒక్కతే కాదు.