పాదుకల దొంగతనం

గత జూన్ నెలాఖరున మన సంఘం తరఫున మిన్నసోటా ఉత్తరపు అడవులవైపు వనభోజనాలకు వెళ్ళివచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పులిహోర బాగుంది. దోమలు మనకన్నా ఎక్కువ తిన్నాయి. కాని మేము రాయదలచింది తిరుగు ప్రయాణంలో జరిగిన పని గురించి. రోడ్డు పక్క తడినేలలో తెలుపూ గులాబీ కలిసిన పూలు గుంపుగా కనబడేసరికి మన మిత్రులొకరు కారు ఆపారు, డిక్కీలోంచి గడ్డపార తీశారు, మూడు దుబ్బులు పెళ్ళగించి ఖాళీ బియ్యం సంచిలో వేసుకున్నారు. పేరు రాయము. అక్కడున్న పదిమందిమీ చూస్తూ నిలబడ్డాం. ఒకరు సంచి మూతి కూడా పట్టుకున్నారు. ఆ రోజు నోరు మెదపనందుకే ఈ రోజు కలం పట్టాం.

ఆ పువ్వు పేరు లేడీస్ స్లిపర్, అంటే ఆడవారి చెప్పు. ఆర్కిడ్ జాతి. కింది రేక బొద్దుగా, బోలుగా, చిన్నపిల్ల జోడులా ఉంటుంది. శాస్త్రనామం సిప్రిపీడియం; గ్రీకు ప్రేమదేవత పాదుక అనే అర్థంలో లిన్నేయస్ పెట్టిన పేరు. మన ఆడవారిలో ఒకరు, "చెప్పుల పువ్వుని దేవుడి దగ్గర ఎలా పెడతామమ్మా?" అన్నారు. పాదుకలకు పట్టం కట్టి పద్నాలుగేళ్ళు కొలిచిన కథ విని పెరిగినవాళ్ళం, ఆ అభ్యంతరం మనకెందుకు? వచ్చిన చిక్కు పువ్వు పేరుతో కాదు, దాని వయసుతో.

ఈ పువ్వు 1902 నుంచీ ఈ రాష్ట్రపు పుష్పం. అడవిలో దీన్ని కోయకూడదనీ, పెళ్ళగించకూడదనీ 1925లోనే చట్టం చేశారు. ఎందుకు చేశారో మన మిత్రులు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే గడ్డపార డిక్కీలోనే ఉండేది. దీని విత్తనం ధూళి కంటే బరువుండదు. వరిగింజలో మొలకకు కావలసిన తిండి గింజలోనే ఉంటుంది, దీనిలో ఏమీ ఉండదు. నేలలో ఉండే ఒక రకం బూజు దానికి తిండి అందిస్తేనే మొలుస్తుంది. వేలాది విత్తనాల్లో ఏ ఒకటో రెండో ఆ అదృష్టానికి నోచుకుంటాయి. మొలిచాక మొదటి పువ్వు పూయడానికి ఒక్కోసారి 16 ఏళ్ళు పడుతుంది. రాముడి వనవాసం కన్నా రెండేళ్ళు ఎక్కువ! ఆ తరువాత యాభై ఏళ్ళు బతకగలదు. ఆ సంచిలోకి వెళ్ళిన దుబ్బులు మనలో చాలామంది ఈ దేశపు నేలమీద అడుగు పెట్టకముందు నుంచీ అక్కడ పూస్తూ ఉండవచ్చు.

ఆ మిత్రులు చెప్పిన సమాధానాలు మూడు. మొదటిది: "రోడ్డు పక్కదే కదా, రేపు గడ్డికోత యంత్రం కింద పోయేదే." కోతయంత్రం ఆకు కోస్తుంది. వేరు మిగిలితే దుబ్బు మరుసటి వసంతానికి మళ్ళీ లేచే అవకాశం ఉంటుంది. గడ్డపార తీసుకుపోయేది ఆ వేరునే. ఈ మొక్క వేళ్ళు లోతుకి దిగవు, పైపైనే చుట్టూ చాపలా పరుచుకుంటాయి. మూడడుగుల చాపను అడుగు వెడల్పు గుంటలోంచి లాగితే వచ్చేది తెగిన ముక్కే. అది తన నిలవమీద ఒక ఏడాది ఆకు వేస్తుంది, రెండో ఏడాది మరుగుజ్జవుతుంది, మూడో ఏడు మాయం. అప్పుడు "ఇక్కడి చలికి ఆగలేదండీ" అంటాం. ఆ చలిలోనే పుట్టిన మొక్కని పట్టుకుని!

రెండోది: "మేం తవ్వలేదు, డబ్బిచ్చి కొన్నాం." ఇది వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంది. ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మేమూ పోస్టులో చవకగా వస్తున్నాయని మూడు దుంపలు తెప్పించాం. తెగిన వేళ్ళతో, వేరే ఏ మొక్కదో పీచు అంటుకుని వచ్చాయి. ఎక్కడ పెంచారని ఉత్తరం రాస్తే జవాబు లేదు. మూడూ పోయాయి. గింజనుంచి పెంచినవాడు తన కష్టం గురించి అడక్కుండానే చెబుతాడు. ఎక్కడిదో చెప్పనివాడి చవక సరుకు అడవిదేనని అనుమానించాలని ఆనాడు మాకు తోచలేదు. కొనేవాడుంటేనే తవ్వేవాడుంటాడు. ఇంగ్లండులో పసుపుపచ్చని లేడీస్ స్లిపర్‌ని ఇలాగే తవ్వి తవ్వి, చివరికి దేశం మొత్తంమీద యార్క్‌షైర్‌లో ఒక్కటంటే ఒక్క అడవి మొక్క మిగిలేదాకా తెచ్చారు. చోటు రహస్యంగా ఉంచి దానికి కాపలా కాయవలసి వచ్చింది. తెల్లవాళ్ళ పిచ్చి అని నవ్వనక్కరలేదు. మన దక్షిణాదిన అగస్త్యమలలో దీని దాయాది జాతి పువ్వొకటి ఉంది, పేరు పేఫియోపీడిలం డ్రూరీ. చాలాకాలం కనిపించకుండా ఉండి 1972లో మళ్ళీ దొరికిందన్న వార్త పొక్కగానే సేకరించేవాళ్ళు ఎగబడి దాన్ని దాదాపు ఊడ్చేశారు.

మూడో సమాధానమే మాకు ఎక్కువ కోపం తెప్పించింది. "లాబొరేటరీలో పెంచినవి, హైబ్రిడ్లు దొరుకుతాయి కదా?" అని అడిగితే, "అవి అసలువి కావండీ, సంకరం" అన్నారు. ఆ మాట అన్నవారు భోజనాల దగ్గర రెండుసార్లు వడ్డించుకున్నది సాంబ మసూరి అన్నం! బాపట్లలో రకరకాల వరులను కలిపి తయారుచేసి 1986లో విడుదల చేసిన సంకరం అది. పళ్ళెంలో తప్పుకానిది పెరట్లో ఎలా తప్పవుతుంది? పైగా ఈ పూలు మన అనుమతి కోసం ఆగలేదు. మిడ్‌వెస్ట్ మైదానాల్లో చిన్న తెల్ల స్లిపరూ పసుపు స్లిపరూ పక్కపక్కన పెరిగేచోట తేనెటీగలే వాటిని కలుపుతూ వచ్చాయి. ఆ తేనెటీగకు దక్కేది ఏమీ లేదు పాపం. పువ్వు తేనె ఉన్నట్టు ఊరించి జోడులోకి దించుతుంది, వెనకదారి గుండా నెడుతుంది, వెళ్ళేటప్పుడు వీపుమీద పుప్పొడి అంటిస్తుంది.

1922లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ ఆర్కిడ్ విత్తనాలకు బూజు బదులు చక్కెర కలిపిన అగర్ మీదనే తిండి పెట్టి మొలిపించవచ్చని చూపించాడు. స్లిపర్ పూలు ఆ పద్ధతికి లొంగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు సీసాలో మొలిపించి, కొన్ని నెలలు చలిపెట్టెలో నిద్రపుచ్చి, మట్టిలోకి దింపి, మరికొన్నేళ్ళు సాకి అమ్ముతున్నారు. అందుకే ఖరీదెక్కువ. జర్మనీలో ఫ్రాష్ అనే ఆయన పసుపు పర్విఫ్లోరంనీ, ఆసియా గులాబీరంగు మాక్రాంథోస్‌నీ కలిపి 1992లో గిసేలా అన్న రకాన్ని నమోదు చేశాడు. ఇటువంటి హైబ్రిడ్లు చాలావరకు తల్లిదండ్రులకన్నా గట్టివి, తొందరగా దుబ్బుకడతాయి, తోటమట్టితో సర్దుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి మా ఓటు వీటికే. గులాబీ మొకాసిన్ పువ్వు జోలికి మాత్రం పోవద్దు. దానికి బాగా పులుపు మట్టి కావాలి, మన పెరళ్ళలో బతకదు.

పెంచడం బ్రహ్మవిద్య కాదు. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ. మట్టిలో సగం దాకా పెర్లైటూ గరుకు ఇసకా. వేళ్ళు చేతివేళ్ళలా పరిచి, మొగ్గ కొన మీద అంగుళం మట్టి మించకుండా కప్పాలి. వేసవిలో తడి ఆరకూడదు, నీరు నిలవకూడదు. ఎరువు గుప్పిళ్ళతో పోయడం మన అలవాటు, దీనికది విషం. మంచు దీనికి దుప్పటి, భయపడవలసింది మే నెలలో మొగ్గ లేచాక కురిసే మంచుకే. ఆ రాత్రి ఒక బకెట్ బోర్లించండి. ఆకుల నూగు కొందరికి దురద పెడుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక అవతలి పక్షంవారితోనూ మాకు పేచీ ఉంది. "అడవి పువ్వు అడవిలోనే ఉండాలి, పెరట్లో పెంచడమే పాపం" అనేవారు మన సంఘంలో ఇద్దరున్నారు. న్యాయంగా పెంచిన మొక్క అందుబాటులో లేకపోతే ఆశ చావదు, గడ్డపార వైపే పోతుంది. కరివేపాకు కుండీని చలికాలమంతా పసిబిడ్డలా వంటగదిలో మోసే జనం మనం. బయట, ఈ నేలమీదే, మంచుకింద నిద్రపోయి మళ్ళీ లేచే మొక్క ఒకటి మన ఇంటిముందు ఉంటే తప్పేమిటి?

సెప్టెంబరు చివరివారంలో నిద్రావస్థలో ఉన్న మొక్కలు, గింజనుంచి పెంచినవే, పెంచినవారి రాతతో సహా కలిసి తెప్పించుకుందామని అయిదు కుటుంబాలవాళ్ళం అనుకుంటున్నాం. చేరదలచినవారు దసరా సమావేశం లోపల చెప్పండి. సంచిలో దుబ్బులు తీసుకెళ్ళిన మిత్రులకూ ఇదే ఆహ్వానం. నాటే రోజున పారలు మేమే తెస్తాం.