జైలు లెక్కలు అందరికీ అర్థం కావాలి

జాతీయ నేర నమోదు సంస్థ ఏటా జైళ్ల గణాంకాలు వెలువరిస్తుంది. 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్లలో చోటు ఉన్నది 4,36,266 మందికే. లోపల ఉన్నవారిలో 4,34,302 మంది, అంటే నూటికి దాదాపు 76 మంది, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. ఈ పత్రాన్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ పట్టికలో ఏ గడి ఏం చెబుతోందో వివరించే భాగం సరిగా లేకపోతే అంతటి సమాచారమూ చేతికి అంది కూడా అక్కరకు రాదు.

తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లానే చూడండి. 2006లో మద్రాసు సెంట్రల్ జైలును మూసి ఖైదీలను పుళల్‌కు తరలించారు. 2011 జనాభా లెక్కల నాటికి పుళల్ తిరువళ్ళూరు జిల్లాలోనిది. 2018లో చెన్నై జిల్లాను విస్తరించినప్పుడు మాధవరం తాలూకాతో పాటు చెన్నైలో కలిసింది. జిల్లాలవారీ పట్టిక వేసేవారు ఈ సంగతిని ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోతే, తిరువళ్ళూరులో ఖైదీలు హఠాత్తుగా తగ్గిపోయారని చదువరి పొరబడతాడు. ఇదే జిల్లాలోని తిరుత్తణిది ఇంకా పాత కథ. 1960 ఏప్రిల్ 1న అది చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. అంతకు ముందటి ఏళ్ళను పోల్చాలంటే ఏ జిల్లా లెక్క చూడాలో ఎవరో ఒకరు చెప్పాలి.

పేర్లతోనూ చిక్కే. ఇంగ్లీషులో ఈ రెండు ఊళ్ళ పేర్లను కొందరు ‘టి’తో, కొందరు ‘టీహెచ్’తో మొదలుపెడతారు. మనిషికి అది ఒకే ఊరు, కంప్యూటరుకు రెండు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి జిల్లాకూ ఒక కోడ్ ఇచ్చింది. ప్రతి వరుసలో దాన్ని చేరిస్తే ఈ గందరగోళం ఉండదు.

పట్టికల తీరు సరిగా లేకపోతే వచ్చే నష్టం మరింత పెద్దది. రెండు మూడు వరుసల్లో కలిపేసిన శీర్షికలున్న పీడీఎఫ్ పట్టికను ఎక్సెల్‌లోకి తెచ్చినప్పుడు అంకెలు పక్క గడిలోకి జరిగిపోతాయి. ఖాళీ గడి అంటే సున్నానా, సమాచారం రాలేదనా? అడుగున ఉండాల్సిన గమనిక వేరే పేజీలోకి పోతే ఆ సంగతి తేలదు. తమిళనాడులో 1982 నాటి గూండా చట్టం కింద విచారణ లేకుండానే ఏడాది దాకా నిర్బంధించవచ్చు. అలాంటి నిర్బంధితుల సంఖ్యలో ఆ రాష్ట్రం ముందు వరుసలో ఉంటూ వస్తోంది. వారిని విచారణ ఖైదీల్లో కలపరు, వేరే శీర్షిక కింద చూపుతారు. ఆ తేడా వివరించకపోతే వారు లెక్కలో ఉండి కూడా చదువరి కంటపడరు. డిసెంబరు 31 నాటి సంఖ్య ఆ ఒక్క రోజుదే. నాలుగు రోజులుండి బెయిలుపై వెళ్ళేవారే ఎక్కువగా ఉండే సబ్ జైలుకు ఏడాది పొడవునా ఎంతమంది వచ్చి వెళ్ళారన్నదే అసలైన లెక్క.

ఇదంతా గణాంకాలు చూసేవారి గొడవ అనుకోవద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఉరి, యావజ్జీవ శిక్షలు పడే నేరాలు కాకపోతే, అంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండుపై విడుదలకు అర్హుడు. ఆ గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు చేయాల్సింది జైలు సూపరింటెండెంటే. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జైల్లో చేరిన తేదీ, పెట్టిన సెక్షన్, పాత శిక్షల వివరం సరైన గడుల్లో ఉంటేనే అర్హుల జాబితా తయారవుతుంది. మార్చి 4వ తేదీ ఏప్రిల్ 3గా మారితే ఒక మనిషి నెల రోజులు అదనంగా లోపల ఉండిపోవచ్చు.

సిబ్బంది చాలరని, ఖైదీల గోప్యత దెబ్బతింటుందని అధికారులు అనవచ్చు. గోప్యత నిజంగా ముఖ్యమే. కానీ గడుల అర్థం రాయడానికి ఎవరి పేరూ బయటపెట్టనక్కరలేదు. కంప్యూటరు చదవగల రూపంలో సమాచారం ఇవ్వాలని కేంద్రం 2012లోనే విధానం ప్రకటించింది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అడగకముందే వెల్లడించమంటోంది. కొత్త చట్టమేమీ అక్కరలేదు.

ప్రతి పట్టికకూ పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్ ఫైలు ఇవ్వాలి. శీర్షిక ఒకే వరుసలో, తేదీ అంతటా ఒకే తీరులో ఉండాలి. సున్నాకూ, రాని సమాచారానికీ వేర్వేరు గుర్తులు పెట్టాలి. జిల్లాల సరిహద్దు మార్పులను, పదాల నిర్వచనాలను, సవరణలు జరిగిన తేదీలను మొదటి పేజీలోనే చెప్పాలి. ఆ వివరణ తమిళంలోనూ, తిరుత్తణి, పళ్ళిపట్టు వంటి తెలుగువారున్న తాలూకాల కోసం తెలుగులోనూ రావాలి. కొడుకు జైల్లో ఉన్న తల్లికి ఆ కాగితం అర్థమయ్యేలా చేయడం జైళ్ల శాఖ, న్యాయసేవల సంస్థ కలిసి చేయాల్సిన పని. వచ్చే నివేదికతోనే దాన్ని మొదలుపెట్టాలి.