బ్రేకు వైరు కోసిన విలనూ, కోరుట్ల అంబాసిడరూ

మన సినిమాల్లో విలన్ గారికి హీరో మీద కోపం వచ్చిందంటే మొట్టమొదట గుర్తొచ్చేది హీరో కారు. అర్ధరాత్రి ఓ గళ్ల లుంగీవాడు కారు కిందికి దూరతాడు. కటింగ్ ప్లేయరు తళుక్కుమంటుంది. 'టక్'! తెల్లారేసరికి హీరో గానీ, హీరో చెల్లెలు గానీ ఘాట్ రోడ్డు మీద పెడల్ తొక్కుతూ ఉంటారు. కెమెరా ఒకసారి కాలు, ఒకసారి కళ్లు, ఒకసారి లోయ! నలుపు తెలుపు రోజుల నుంచీ ఈ సీను మన దర్శకుల్ని ఆదుకుంటూనే ఉంది.

ఇది నిజంగా జరిగే పనేనా అని కోరుట్ల సోదరుడొకరు ఉత్తరం రాశారు. అసలు సంగతి రెండో పేజీలో ఉంది. వాళ్లన్నయ్య దుబాయి నుంచి వచ్చేశాడట. అక్కడి రోడ్ల మీద మస్టాంగ్‌లూ, డాడ్జ్‌లూ చూసి చూసి ఆ మోజుతో ఓ పాత అంబాసిడర్ కొన్నాడు. దాని సొంత ఇంజను తీయించి ఇసుజు 1800 ఎక్కించాడు. కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించి ఊరంతా తిప్పుతానంటున్నాడు. తమ్ముడేమో ముందు డిస్కు బ్రేకులు పెట్టించాలంటాడు. అన్నయ్య పాత బండి పాతగానే ఉండాలంటాడు. తగవు తీర్చమని మన పేజీకి రాశారు!

ముందు విలన్ గారి సంగతి. కారు ఫుట్ బ్రేకుకి వైరు ఉండదు. వైరు హ్యాండ్ బ్రేకుది. ఫుట్ బ్రేకుకి ఉండేవి సన్నటి పైపులు, వాటిలో బ్రేకు ఆయిలు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆ ఆయిల్‌ని నాలుగు చక్రాలకూ తోస్తుంది. పాత బండ్లలో ఆ సిలిండర్‌కి ఒకటే గది. ఎక్కడ ఒక పైపు తెగినా ఆయిలంతా అటే కారిపోయి పెడల్ నేలకంటుతుంది. కాబట్టి పాత సినిమాల్లో ఆ సీను అబద్ధమేమీ కాదు. తరువాత రెండు గదుల సిలిండర్లు వచ్చాయి. అందులో ఒకవైపు ఆయిలు పోయినా రెండోవైపు రెండు చక్రాలైనా పట్టుకుంటాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి చేశారు. మన సినిమా విలన్లకు మాత్రం ఈ వార్త చేరలేదు!

ఇక అన్నదమ్ముల తగవు. ఇంజను పెద్దది చేసి బ్రేకులు పాతవే ఉంచడం అన్నయ్యతో మొదలు కాలేదు. ఆ పని కండల కార్ల కంపెనీలే చేశాయి. 1964లో వచ్చిన పోంటియాక్ జి.టి.ఓ.కి 325 గుర్రాల బలం. ఆపడానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే! డిస్కులు 1967లో గానీ రాలేదు, అవీ అదనపు డబ్బు కడితేనే. 1964 ఏప్రిల్‌లో వచ్చిన మస్టాంగ్‌కీ డ్రమ్ములే స్టాండర్డు. తమాషా ఏమిటంటే జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో లె మాన్స్ రేసు గెలిచింది 1953లోనే. 'బుల్లిట్' (1968)లో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో మిట్టపల్లాల మీద దూకించిన మస్టాంగ్‌ని చూసి ఎందరో పాత మస్టాంగ్‌లు కొన్నారు. కొన్నాక చాలామంది చేయించే మొదటి పని ముందు చక్రాలకు డిస్కులు వేయించడమే.

మన అంబాసిడర్‌కి కండలెక్కడివి అంటారా? పాత 1489 సి.సి. ఇంజనుకి ఇంచుమించు 50 గుర్రాలు. ఇసుజుకి 75. బండి వేగం రెట్టింపయితే దాన్ని ఆపడానికి బ్రేకు మింగాల్సిన వేడి నాలుగింతలు. నలభైలో పోయే బండి ఎనభైలో పోతే అదీ లెక్క. డ్రమ్ము మూసిన గిన్నెలాంటిది, వేడి త్వరగా బయటికి పోదు. కాలిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్ నుంచి దూరం జరుగుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి జారుతుంది. వానలో నీళ్లు చేరితే మరో తంటా. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది, ఒక చుట్టు తిరిగేసరికి నీళ్లు చిమ్మేస్తుంది.

అందుచేత నా ఓటు తమ్ముడికే. కానీ తమ్ముడు కూడా ఇదేదో జగిత్యాల పోయి మధ్యాహ్నానికి బిగించుకొచ్చే పని అనుకుంటున్నట్టున్నారు. కాదు సుమా!

డ్రమ్ములో ఒక సుగుణం ఉంది. చక్రం తిరిగే ఊపుకే షూ తనంతట తాను లోపల బిగుసుకుంటుంది, కాలికి శ్రమ తక్కువ. డిస్కుకి ఆ సాయం లేదు. బూస్టర్ లేకుండా డిస్కు పెడితే రాయి మీద కాలు పెట్టినట్టుంటుంది. ఆ బూస్టర్ పనిచేసేది ఇంజను పీల్చే వాక్యూమ్‌తో. పెట్రోలు ఇంజనయితే అది ఉచితంగా దొరుకుతుంది. డీజిలయితే విడిగా వాక్యూమ్ పంపు ఉండి తీరాలి. మీ ఉత్తరంలో ఇంజను పెట్రోలో డీజిలో రాయలేదు సోదరా!

తరువాత మాస్టర్ సిలిండర్. డిస్కు కాలిపర్‌కి ఎక్కువ ఆయిలు కావాలి, పాత సిలిండర్ అంత తోయలేదు. పైగా డ్రమ్ముల సిలిండర్‌లో, కాలు తీసినా పైపుల్లో కొంచెం ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కు తగిలిస్తే ప్యాడ్లు వదలవు, రుద్దుకుంటూనే ఉంటాయి. వేములవాడ చేరేలోపు చక్రం కాలిపోతుంది. కనుక రెండు గదుల కొత్త సిలిండర్, డిస్కుకి తగినది, పెట్టించాల్సిందే. వెనక డ్రమ్ములు అలాగే ఉండనివ్వండి. అయితే బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక తేలికవుతుంది. వెనక్కి వెళ్లే ఒత్తిడి తగ్గించే వాల్వు లేకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి బొంగరం తిరుగుతుంది.

అన్నిటికన్నా నాకు భయం కాలిపర్‌ని పట్టుకునే బ్రాకెట్టు. సిరిసిల్ల మరమగ్గాల ఊరు, లేత్ పనివాళ్లూ వెల్డింగ్ పనివాళ్లూ చెయ్యి తిరిగినవాళ్లు. మిల్లీమీటరు చెబితే మిల్లీమీటరే కోస్తారు. కానీ మగ్గంలో ముక్క విరిగితే గజం గుడ్డ పోతుంది, ఇది విరిగితే మనిషి పోతాడు. స్టీరింగు పిడికిలి మీద వెల్డింగు పెట్టనివ్వకండి. తరువాతి కాలపు అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. అటువంటి బండి నుంచి హబ్బు, స్టబ్ యాక్సిల్, కాలిపర్ మొత్తం సెట్టుగా తెచ్చుకుంటే సగం తలనొప్పి వదులుతుంది. పాత సామాన్ల బజారులో దొరికినా ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు, సీళ్లు మాత్రం కొత్తవే కొనాలి. రిమ్ము బిగించి చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా కాలిపర్‌కి తగలకూడదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 3 ఆయిలు సీసా విప్పిన కొత్తలో 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే 140కే మరిగిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరంటే మెత్తటి పెడల్. కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

అన్నయ్య బండి తీసుకుపోతానంటున్నది కొండగట్టుకి. పవన్ కల్యాణ్ 'వారాహి' వాహనానికి 2023 జనవరిలో పూజ జరిగింది అక్కడే. కొత్త బండి కొన్నవాడు అంజన్న దగ్గరికి పోకపోతే మన వైపు తృప్తి ఉండదు. కానీ 2018 సెప్టెంబరు 11 కూడా ఆ కొండదే. వంద మందికి పైగా ఎక్కిన ఆర్టీసీ బస్సు ఆ ఘాట్ దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఆ తేదీ చెబితే మాట ఆగిపోతుంది. డిస్కులున్నా సరే, ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకునేవాళ్లని నేను మెచ్చను.

అన్నయ్య మాటలోనూ ఒక న్యాయం ఉంది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ నంబరు కావాలంటే అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఇంజను మార్చిన రోజే ఆ ఆశ పోయింది, ఇక డ్రమ్ముల మీద మమకారం ఎందుకు? మార్చిన ఇంజను సంగతి ఆర్.సి.లో ఎక్కించారో లేదో ముందు చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఈ మార్పుల గురించే. బ్రేకుల మార్పు ఇన్సూరెన్సు వాళ్లకూ కాగితం మీద తెలియజేయండి.

పని అయ్యాక మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయించండి. జగిత్యాల వైపు హైవే మీద కాదు, ఊరవతల ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున నెమ్మదిగా ఇరవై ముప్పై సార్లు ఆపి, మధ్యలో చల్లారనిచ్చి, ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయండి. బండి ఒకవైపు లాగితే ఇంటికి రండి. లాగకపోతే నిమ్మకాయలు కొనండి. పూజ అయ్యాక అన్నదమ్ములిద్దరూ బండి పక్కన నిలబడ్డ ఫోటో పంపితే ఈ పేజీలో వేస్తాను.