సంతకం ఎవరిదో చూడండి

సంపాదకులకు,

విమానాశ్రయ భద్రతలో చేరితే జీవితాంతం భరోసా అన్న మీ వ్యాసంతో నేను ఏకీభవించను. 1999 డిసెంబరులో విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసిన తర్వాత, 2000లో జైపూర్‌తో మొదలై, చాలా విమానాశ్రయాల భద్రత ఒక్కొక్కటిగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) చేతికి వచ్చింది. సీఐఎస్‌ఎఫ్‌లో చేరితే కేంద్ర ప్రభుత్వ కొలువు, నిజమే. కానీ లగేజీని, కార్గోను ఎక్స్‌రే తెర మీద చూసేవాళ్లలో చాలామంది ఎయిర్‌లైన్స్, ఏజెన్సీల మనుషులు. మా వైపు నుంచి బెంగళూరు వెళ్లి, నాకు తెలిసి చేరిన కుర్రాళ్లంతా ఇలాంటి వాళ్లే.

తెర మీద బట్టలు, తిండి, పేలుడు పదార్థం అన్నీ నారింజ రంగులోనే కనబడతాయి, లోహం నీలంగా ఉంటుంది. ఏది ఏదో క్షణాల్లో తేల్చాలి. దానికి శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇంత చేసినా కాంట్రాక్టు చేతులు మారితే బతుకు మళ్లీ మొదటికే. డ్యూటీలు వేసే సూపర్‌వైజర్‌కు ఎదురు చెప్పిన పాపానికి మా బంధువుల అబ్బాయికి వరసగా రాత్రి షిఫ్టులే పడ్డాయి. ఫిర్యాదు చేద్దామంటే వినే నాథుడు లేడు.

అమెరికాలో రవాణా భద్రతా సంస్థ (టీఎస్‌ఏ) స్క్రీనర్లు ప్రభుత్వోద్యోగులే. అయినా 2025 మార్చిలో వాళ్ల యూనియన్ ఒప్పందాన్ని ప్రభుత్వం రద్దు చేస్తే, జూన్‌లో కోర్టు తాత్కాలికంగా అడ్డుకుంది. అక్కడ కోర్టుకెక్కడానికి యూనియన్ అయినా ఉంది.

మా పిల్లలు జీతం ఎంతని అడిగే ముందు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద సంతకం ఎవరిదో చూసుకోవాలి. దయచేసి ఈ సంగతి కూడా రాయండి.

– ఒక పాఠకుడు, నిమ్మనపల్లె