అత్త సొమ్ము, అల్లుడి దానం

ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలందరికీ ఉచితంగా అందాలి, అందుకు ఓపెన్ లైసెన్సు పెట్టేస్తే సరిపోతుంది అన్నది విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ఎదురులేని మాట. మొదటి సగంతో నాకు పేచీ లేదు. అరకు, పాడేరు కొండల దాకా వచ్చేసరికి రెండో సగం చెల్లదు.

ఇక్కడ పరిశోధనలో పెద్ద వాటా ఒకరు చెప్పింది మరొకరు రాసుకోవడమే. థింసా పాట, కొండదొరల కథ సెల్‌ఫోన్‌లోకి ఎక్కుతాయి, థీసిస్ చివర అనుబంధమవుతాయి, ఆపైన ‘సీసీ బై’ అనే క్రియేటివ్ కామన్స్ గుర్తుతో నెట్‌లోకి వెళ్తాయి. లైసెన్సు ఇచ్చినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని ఆ గుర్తుకు అర్థం. ఇచ్చింది పరిశోధకుడు కనుక పేరూ ఆయనదే. పాడినావిడ పట్టికలో ఒక వయసు, ఒక ఊరు.

ఇదేమని అడిగితే, జానపదానికి కర్త ఎవరండీ అంటారు. పాట కట్టిందెవరో తెలియకపోవచ్చు, పాడిందెవరో తెలుసు కదా! 1957 నాటి కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. గాయకులు, నర్తకులతో పాటు పాములాడించేవాణ్ణీ గారడీవాణ్ణీ కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని అడిగే హక్కును 2012 సవరణ ఇచ్చింది. పరిశోధకుడికి 39వ సెక్షన్ ఇచ్చే వెసులుబాటు బోధన, పరిశోధనల కోసమే చేసుకునే రికార్డింగు వరకే. ఆ వెసులుబాటుతో పట్టుకున్న గొంతును అమ్మకానికీ పనికొచ్చే లైసెన్సుతో వదలడం గీత దాటడమే. తమకున్న హక్కులకే ఎవరైనా లైసెన్సు ఇవ్వగలరని క్రియేటివ్ కామన్స్ షరతులే చెబుతాయి. లేని హక్కును పంచిపెట్టడం అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే.

ఈ తీరు కొత్తది కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరలు మాట్లాడే కొండ లేదా కూబి భాష మీద రాసిన గ్రంథాన్ని 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ప్రచురించింది. అందులోని వ్యాకరణం నిస్సందేహంగా ఆయన పాండిత్యం. పాఠాలు మాత్రం ఆ భాష మాట్లాడేవారి నోటి మాటలు. గ్రంథకర్తగా ఒక్క పేరుండటం విద్యాలోకపు ఆచారం. అలాంటి పుస్తకాన్ని రేపు ఓపెన్ చేయాలనుకుంటే కాపీరైటున్నవారి సంతకం తెచ్చుకుంటాం, కొండ మీది ఊళ్లను అడగాలని మనకు తోచదు. పాత కాపీరైటు ఎవరిని పక్కనపెట్టిందో ఓపెన్ లైసెన్సూ వాళ్లనే పక్కనపెడుతుంది. మొదటి లెక్క సరిదిద్దకుండానే పంపకం మొదలుపెడుతుంది.

అనుమతుల కోసం కూర్చుంటే ఆ భాషలే పోతాయన్నది మరో వాదన. రికార్డు చేసి దాచవద్దని ఎవరూ అనలేదు. దాచడం వేరు, లోకానికి ధారపోయడం వేరు. ఊరి తరఫున ఎవరిని అడగాలన్నదానికీ జవాబుంది: షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది.

పరిశోధకుడు తన విశ్లేషణను సీసీ బై కింద పెట్టుకోవచ్చు, పెట్టాలి కూడా. పాటలకూ కథలకూ షరతులు రాయాల్సింది పాడినవారు, చెప్పినవారు, వారి గ్రామసభ. పేరు వేయాలా, అమ్మకానికి ఒప్పుకోవాలా, కొన్నిటిని ఊరు దాటనివ్వకూడదా అన్నది వాళ్లు తేల్చాలి. వద్దంటే ఆ అనుబంధం లేకుండానే థీసిస్ నెట్‌కు ఎక్కాలి.