రాజీనామాకు ముందు పహణి చూడాలి

1953లో తుంగభద్ర నీళ్లు కాలువలకెక్కాక కోస్తా నుంచి వచ్చి గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో క్యాంపులు కట్టుకున్న రైతుల మనవలు చాలామంది బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో కుదురుకున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లకొచ్చి పొలం గట్లెక్కిన కొందరికి మనసు ఇటు మళ్లింది. ‘ఉద్యోగం మానేసి సేద్యం చూసుకుంటా’ అనే మాట ఇప్పుడు క్యాంపుల్లో కొత్త కాదు. మంచిదే. ఊళ్లో ముసలివాళ్లే మిగిలితే భూమి ముందు కౌలుకు పోతుంది, ఆ తర్వాత అమ్మకానికొస్తుంది.

అయితే కొడుకు వచ్చినంత మాత్రాన సేద్యం అతని చేతికి రాదు. పహణి నాన్న పేరిటో, కాలం చేసిన తాత పేరిటో ఉంటుంది. పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ ఆ కాగితం వెంటే నడుస్తాయి. అందులో పేరు లేనివాడు సొంత పొలంలోనే జీతం లేని పాలేరు. ఏ విత్తనం వేయాలో, వడ్లు ఎప్పుడు అమ్మాలో నాన్నే చెబుతారు. నష్టమొస్తే మాత్రం మాట పడేది కొడుకే. ఆడపిల్లల సంగతీ ఉంది. 2005 చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది. ‘తమ్ముడే కదా చేసుకుంటున్నాడు’ అని అక్కలు ఇవాళ ఊరుకున్నా, రేపు వాటా లెక్క తప్పదు.

ఇక నీళ్లు. పూడికతో డ్యామ్ నిల్వ 133 టీఎంసీల నుంచి సుమారు 105కు పడిపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లూ మార్చాల్సి రావడంతో 2025-26లో రెండో పంటకు నీళ్లు ఆపారు. రెండు పంటల ఆదాయం లెక్కేసుకుని జీతం వదులుకున్నవాడు అలాంటి ఏడాది ఒక్క పంటతోనే ఇల్లు గడపాలి. కాలువ చివరి భూములవాళ్లకైతే ఆ ఒక్కటీ గండమే.

అందుకే రాజీనామా ఇచ్చేముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. ఎన్ని ఎకరాలు ఎవరి పేరిట, పాత అప్పెంత, అక్కచెల్లెళ్ల వాటా ఏమిటి, జమాఖర్చు ఎవరి చేతిలో అన్నది కాగితం మీద పెట్టాలి. భాగాలు రిజిస్టరు చేయించి ఖాతా మార్పించుకోవాలి. ఒక పంట పోయినా ఏడాది గడిచేంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి. ‘వచ్చేయరా’ అని పిలిచే తండ్రులు పొలంతోపాటు పెత్తనంలోనూ వాటా ఇవ్వాలి. అది జరగకపోతే తిరిగొచ్చిన పిల్లలు రెండు పంటలు చూసి మళ్లీ బెంగళూరు బస్సెక్కుతారు.